బైట్ ఫోర్స్ అనే పోరాట రోబో ప్రత్యర్థిని అంత గట్టిగా కొట్టినా తాను ఎందుకు ఎగిరిపోదు?

బైట్ ఫోర్స్ ఆయుధమైన బార్ (వేగంగా తిరిగే లోహపు కడ్డీ) ముందువైపు కింది నుంచి పైకి నిలువుగా తిరుగుతుంది కాబట్టి, దెబ్బకు వచ్చే ప్రతిచర్య దాన్ని నేలకేసి నొక్కుతుందే తప్ప పక్కకు విసిరెయ్యదు.

ఇది రోబోలు ఒకదానితో ఒకటి పోరాడే బ్యాటిల్‌బాట్స్ టీవీ పోటీల్లో 2015, 2018, 2019 విజేత. 2015లో మాత్రం దీనిది పట్టుకుని ఎత్తే చెయ్యి. ఈ వివరణ తర్వాతి రెండు గెలుపుల నాటి రూపానికి.

దెబ్బ తగిలిన క్షణంలో బలం రెండు రోబోల మీదా సమానంగానే పడుతుంది. ప్రత్యర్థిని అది పైకి నెడుతుంది, ఆపడానికి దాని సొంత బరువు తప్ప ఏమీ ఉండదు. బైట్ ఫోర్స్‌ను కిందికి నెడుతుంది, అక్కడ నేల ఆ తాకిడిని మోస్తుంది. 2016 విజేత టూంబ్‌స్టోన్‌ను చూడండి. దాని బార్ నేలకు సమాంతరంగా తిరుగుతుంది. ప్రతిచర్య పక్కకు వస్తుంది, అడ్డుకునేది చక్రాల పట్టు ఒక్కటే. అందుకే గట్టి దెబ్బ కొట్టాక తానూ గిర్రున తిరిగిపోతుంది.

బైట్ ఫోర్స్ ఎక్కువ బరువుండటం వల్ల కదలదని చాలామంది అనుకుంటారు. అది తప్పు: చక్రాల మీద నడిచే రోబోలన్నిటికీ గరిష్ఠ బరువు ఒకటే, 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోలు.

నిలువు బార్‌కూ ఒక ఇబ్బంది ఉంది. అది పూర్తి వేగంతో తిరుగుతుండగా రోబోను చటుక్కున మలిపితే గైరోస్కోప్ ప్రభావంతో (వేగంగా తిరిగే వస్తువును మలిపితే అది పక్కకు ఒరగడం) ఒకవైపు చక్రాలు గాల్లోకి లేస్తాయి. మలుపు నెమ్మదిగా తిప్పాలి, లేదా బార్ వేగం తగ్గించాలి.