ఫొటోలో సీతాకోకచిలుక, ఫైల్లో మీ ఇంటి దారి

వానలు మొదలయ్యాక నాకు ఏటా రెండు రకాల ఉత్తరాలు వస్తాయి. తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టవచ్చా అనేది మొదటి రకం. వద్దని పదేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. రెండో రకం సీతాకోకచిలుకలవాళ్ళది. 2020 నుంచి సెప్టెంబరును దేశమంతా బిగ్ బటర్‌ఫ్లై మంత్‌గా జరుపుతున్నారు కదా, అప్పటి నుంచి వీళ్ళ ఉత్తరాలు బాగా పెరిగాయి. ఈసారి వాళ్ళవే తీసుకుంటున్నాను. ప్రింటర్ల బాధితులు వచ్చే వారం దాకా ఆగండి.

ప్రశ్న: మా పెరట్లో కరివేపాకు చెట్టు చుట్టూ తిరుగుతున్న నల్ల సీతాకోకచిలుకను ఫొటో తీశాను. ఒక యాప్ 'కామన్ రోజ్' అంది, ఇంకో యాప్ 'కామన్ మార్మన్' అంది. ఏది కరెక్ట్? మంచి కెమెరా ఉన్న ఫోన్ కొనాలా? (సత్యనారాయణపురం, విజయవాడ)

కొనకండి. మీరు పంపిన ఫొటో చూశాను, అది కామన్ మార్మన్, ఆడది. కామన్ రోజ్ పిల్లగా ఉన్నప్పుడు ఈశ్వరి తీగ తిని ఒంట్లో విషం నింపుకుంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి పోవు. ఏ విషమూ లేని మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం ఆ వేషం వేసుకుని బతికేస్తాయి. ఇంకొన్ని క్రిమ్సన్ రోజ్ వేషం వేస్తాయి. పిట్టే మోసపోతుంటే యాప్‌ని తిట్టి ఏం లాభం? రెక్కలు వదిలేసి ఒళ్ళు చూడండి. రోజ్‌లకు ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, మార్మన్‌కు నల్లగా ఉంటుంది. పైగా కరివేపాకు మీద గుడ్లు పెట్టేది మార్మన్. రోజ్‌కు ఆ చెట్టుతో పనే లేదు. మీరేమో చెట్టంతా క్రాప్ చేసేసి, రెక్కలు మాత్రం యాప్‌కి చూపించారు. సగం ఆధారం చేతులారా కోసి పారేశారన్నమాట.

ఇదే తంతు ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకతోనూ నడుస్తుంది. డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది దాని వేషం వేస్తుంది. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో మూడో నాలుగో నల్ల చుక్కలుంటాయి, ఎగ్‌ఫ్లైకి ఒక్కటే ఉంటుంది. ఒకటి జిల్లేడు తిని పెరుగుతుంది, రెండోది గంగపాయల కూర తిని. యాప్ '98 శాతం' అని చూపించినా సరే, చుక్కలు మీరే లెక్కపెట్టుకోండి. ఆ శాతం యాప్ తన మీద తనకున్న నమ్మకం, అంతే.

చుక్కలంటే గుర్తొచ్చింది. ఇప్పుడొచ్చే ఫోన్ కెమెరాల మీద నాకు పెద్ద ఫిర్యాదే ఉంది. అవి ఫొటో తీయడం మానేసి బొమ్మ గీస్తున్నాయి. 'సీన్' అని ఒకటి, 'ఏఐ' అని ఒకటి పెట్టి మసకగా ఉన్నచోట గీతలు పెంచి, మరకలు తుడిచి, రంగు దట్టించి ఇస్తాయి. పెళ్ళి ఫొటోకి అది బాగానే ఉంటుంది. కానీ గ్రాస్ యెల్లోలు అని పసుపు రంగు చిన్నవి ఉంటాయి చూశారా, అవి పైనుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా ముందు రెక్క అడుగుభాగంలో, సెల్ అనే గడిలో ఉంటుంది. కామన్ గ్రాస్ యెల్లోకు అక్కడ రెండు మచ్చలు, త్రీ-స్పాట్‌కు మూడు. ఆవగింజలో సగం కూడా లేని ఆ మచ్చను మరక అనుకుని ఫోన్ తుడిచేస్తే ఒక జాతి ఇంకో జాతి అయిపోతుంది. ఆ హంగులన్నీ ఆపేయండి. పెట్టె మీద గొప్పగా రాసిన 'మాక్రో లెన్స్' కూడా మర్చిపోండి. దాంతో తీయాలంటే రెండంగుళాల దగ్గరికి పోవాలి, మీ నీడ పడగానే అది ఎగిరిపోతుంది. నాలుగడుగుల దూరంలో ఆగి, రెండు మూడు రెట్ల జూమ్‌తో, రెక్కలు ముడిచినప్పుడు ఒకటి, విప్పినప్పుడు ఒకటి తీయండి. మొక్కతో సహా.

ప్రశ్న: కొండవీడు వెళ్ళినప్పుడు తీసిన ఫొటోల లింకు ఒక గ్రూపులో పెట్టాను. ఊరి పేరు కూడా రాయలేదు. మర్నాడు ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి 'అక్కడ ఈశ్వరి తీగ బాగా ఉన్నట్టుందే' అంటూ సరిగ్గా ఆ చోటు మ్యాప్‌లో గుర్తు పెట్టి పంపాడు. నా ఫోన్ హ్యాక్ అయిందా? చాలా టెన్షన్‌గా ఉంది. (లక్ష్మీపురం, గుంటూరు)

హ్యాక్ ఏమీ కాలేదండీ. చిరునామా మీరే పంపారు.

ఫోన్‌తో తీసిన ప్రతి ఫొటో ఫైల్లోనూ బొమ్మతో పాటు ఒక చీటీ ఉంటుంది. దాన్ని ఎగ్జిఫ్ అంటారు. తీసిన తేదీ, సెకనుతో సహా టైము, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు అన్నీ అందులో ఉంటాయి. కొండ మీద, ఆకాశం తెరిపిగా ఉన్నచోట, మామూలు ఫోన్ కూడా సుమారు అయిదు మీటర్ల తేడాతో చోటు పట్టేస్తుంది. అయిదు మీటర్లంటే ఏ పొద అన్నది తెలిసిపోయినట్టే. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ చీటీ ఊడిపోతుంది. అదే 'క్వాలిటీ తగ్గకూడదు' అని డాక్యుమెంటుగా పంపినా, మెయిల్‌కి తగిలించినా, మీలా డ్రైవ్ లింకు ఇచ్చినా చీటీ చెక్కుచెదరకుండా వెళ్తుంది. సీతాకోకచిలుకల గ్రూపుల్లో అందరూ చేసేది రెండోదే. ఎందుకంటే మచ్చలు లెక్కపెట్టాలిగా!

చోటు తెలిస్తే నష్టమేమిటంటారా? సీతాకోకచిలుకలను పట్టి, ఎండబెట్టి అద్దాల ఫ్రేముల్లో బిగించి అమ్మే వ్యాపారం ఉంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాల్లో పులులూ ఏనుగులతో పాటు కొన్ని సీతాకోకచిలుకలు కూడా ఉన్నాయంటే ఊరికే కాదు. అయినా మన చుట్టుపక్కల నాకు వలల వాళ్ళకంటే కెమెరాల గుంపు అంటేనే భయం. ఒక చోటు బయటపడితే వచ్చే ఆదివారానికి ఇరవై మంది దిగుతారు. మంచి యాంగిల్ కోసం ఈశ్వరి తీగను తొక్కేస్తారు. కదలకుండా ఉంటుందని సీతాకోకచిలుకను ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చి ఫొటో తీసే ప్రబుద్ధులు కూడా ఉన్నారు. తీగ పోయిందంటే ఆ కొండ మీద రోజ్‌లకు గుడ్లు పెట్టే చోటు ఉండదు. వాటికి ఆ తీగ కుటుంబపు మొక్కలు తప్ప వేరేవి పనికిరావు.

కొండవీడు సంగతి అలా ఉంచండి. నన్ను ఇంకా కలవరపెట్టేది మీ డాబా. మీరిచ్చిన లింకులో కొండ ఫొటోలు నలభై ఉన్నాయి, మీ ఇంటి మేడ మీద తీసినవి రెండు వందల పైచిలుకు. రోజూ పొద్దున ఏడున్నరకు, ఆదివారాలు మధ్యాహ్నం కూడా. మే నెలలో పన్నెండు రోజులు ఒక్కటీ లేదు, ఊరెళ్ళినట్టున్నారు. నిమ్మ మొక్క మీద లైమ్ బటర్‌ఫ్లైని మెచ్చుకోవాల్సిన నాకే మీ వీధి, మీ దినచర్య, ఇంటికి తాళం వేసే రోజులు తెలిసిపోయాయి. నేను కాబట్టి ఉత్తరం రాశాను. ఆ లింకు ముందు తీసేయండి.

తప్పు మీది పావు, తయారుచేసినవాళ్ళది ముప్పావు. కొత్త ఫోన్లో కెమెరా మొదటిసారి తెరవగానే 'లొకేషన్ అనుమతించాలా' అని అడుగుతుంది. పక్కన పిల్లాడు కేక్ కోస్తుంటాడు, మనం 'అలాగే' నొక్కేస్తాం. ఆ తర్వాత జన్మలో మళ్ళీ అడగదు. పంపే ముందు 'ఇందులో మీ ఇంటి చోటు ఉంది, తీసేయనా?' అని ఒక్క ముక్క అడిగితే ఏం పోయింది? నా ఫోన్లో నేను ఆపి పెట్టుకున్న లొకేషన్ ట్యాగు ఒక అప్‌డేట్ తర్వాత దానంతటదే ఆన్ అయి కూర్చుంది. మూడు వారాల దాకా నేనూ చూసుకోలేదు, సందేహాలు తీర్చేవాణ్ణయి ఉండి.

అలాగని ట్యాగు శాశ్వతంగా ఆపేయమని చెప్పను. చోటు, తేదీ లేని సీతాకోకచిలుక ఫొటో క్యాలెండర్ బొమ్మతో సమానం. ఏ నెలలో ఎక్కడ కనబడిందన్నదే పరిశోధకులకు పనికొచ్చేది. అసలు ఫైల్లో ఉంచండి, బయటికి పంపే కాపీలో తీసేయండి. చాలా ఫోన్లలో షేర్ చేసేటప్పుడే ఆ వీలుంది, వెతికితే దొరుకుతుంది. ఏదీ చేతకాకపోతే స్క్రీన్‌షాట్ తీసి పంపండి. మోటు పద్ధతే, కానీ చీటీ రాదు. ఎక్కడ ఏ జీవి కనబడిందో ఫొటోలతో నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైటులో పెట్టేవాళ్ళు, చోటు దాచే 'జియోప్రైవసీ' సెట్టింగులో 'అబ్‌స్క్యూర్డ్' ఎంచుకోండి. అసలు చోటు బదులు 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తుంది. ఆ గడి ఒక్కో వైపు దాదాపు 22 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు గుంటూరు నుంచి మంగళగిరి దాకా. ప్రమాదంలో ఉన్నాయని గుర్తించిన జాతులకు అదే దాచేస్తుంది. ఇంటి ఫొటోలకు మాత్రం మీరే దాచుకోవాలి. దాచి, కింద వివరణలో 'కోట మెట్ల పక్కన రెండో పొద' అని రాసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఏ సాఫ్ట్‌వేరూ సాయం చేయలేదు.

ప్రశ్న: నిమ్మ మొక్క మీద పిట్ట రెట్ట లాంటి పురుగులున్నాయి. మొక్కల యాప్‌లో చూపిస్తే 'పెస్ట్' అని చెప్పి మందు కొనమని లింకు ఇచ్చింది. కొననా? (భవానీపురం, విజయవాడ)

వద్దమ్మా. రోగం చెప్పినవాడే మందు కూడా అమ్ముతున్నాడంటే ఒక్క క్షణం ఆగాలి. అవి లైమ్ బటర్‌ఫ్లైవో మార్మన్‌వో పిల్లలు. పిట్టలు తినకుండా రెట్టలా కనబడతాయి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. పెరట్లో మొక్కకు నాలుగు రెమ్మలు పోతాయి, మళ్ళీ చిగురిస్తాయి. నిమ్మ తోట రైతు లెక్క వేరు, మీది వేరు. ఆ తేడా అడగని యాప్ మీ ఫోన్లో ఎందుకు?

ప్రశ్న: సీతాకోకచిలుకలను గుర్తుపట్టే యాప్ అని ఎవరో ఏపీకే ఫైల్ పంపారు. వేస్తే కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్ అనుమతి అడుగుతోంది. (బ్రాడీపేట, గుంటూరు)

సీతాకోకచిలుకను గుర్తుపట్టడానికి మీ ఎస్ఎంఎస్‌లు ఎందుకండీ? బ్యాంకు ఓటీపీలు చదవడానికి. వెంటనే తీసేయండి. అనుమతి ఇచ్చేసి ఉంటే ఇంకో ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఇంకో మాట, స్టోర్‌లో దొరికే 'మూడు రోజులు ఫ్రీ' యాప్‌ల గురించి. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. స్టోర్‌లో రద్దు చేసి, యూపీఐ యాప్‌లో ఆటోపే కూడా చూసుకోండి. ఉచితంగా గుర్తుపట్టే యాప్ కావాలంటే ఐనాచురలిస్ట్ వాళ్ళదే సీక్ ఉంది, దానికి అకౌంట్ కూడా అక్కర్లేదు.

ప్రశ్న: నా దగ్గర నాలుగు వేల పాత ఫొటోలున్నాయి. కెమెరాతో తీసినవి, లొకేషన్ లేదు. ఇప్పుడు ఎక్కించవచ్చా? (మంగళగిరి)

ఎక్కించండి, కానీ గుర్తున్నంత వరకే రాయండి. కొండపల్లి అడవిలో ఎక్కడో అని మాత్రమే గుర్తుంటే మ్యాప్ మీద మూడు కిలోమీటర్ల వృత్తం గీయండి. ఐనాచురలిస్ట్‌లో ఆ కచ్చితత్వం మీరే పెట్టవచ్చు. తెలియనిచోట చుక్క పెట్టకండి. ఫార్వర్డులో వచ్చిన ఫొటోను తమ ఇంటి లొకేషన్‌తో, ఆ రోజు తేదీతో ఎక్కించే మహానుభావులు చాలామంది ఉన్నారు. పడమటి కనుమల్లో తప్ప ఉండని, కేరళ రాష్ట్ర సీతాకోకచిలుక అయిన మలబార్ బ్యాండెడ్ పీకాక్ అరండల్‌పేటలో టీ కొట్టు పక్కన తేలేది ఇలాగే. దాన్ని సరిదిద్దడానికి ఎవరో ఒక ఔత్సాహికుడు రాత్రి నిద్ర మానుకుని కూర్చుంటాడు.

ఎక్కించే ముందు ఫైళ్ళ తేదీలు కూడా ఒకసారి చూడండి. పాత కెమెరాల్లో బ్యాటరీ పూర్తిగా దిగిపోతే గడియారం ఏదో ఒక జనవరి 1కి పోయి కూర్చుంటుంది. నా బ్లూ టైగర్లు రెండు వానాకాలాల పాటు అలాగే చలికాలం ఖాతాలో పడ్డాయి. గొడుగు పట్టుకున్న మనిషి ఒక ఫొటోలో పడబట్టి దొరికిపోయాను.