రెండేళ్ల డిగ్రీతో మానసిక ఆరోగ్య రంగంలో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం, గ్రీన్ కార్డులున్నాయి. మా అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో సైకాలజీలో అసోసియేట్ డిగ్రీ చేస్తోంది. అది అవగానే మానసిక రోగుల దగ్గర ఉద్యోగం చేస్తానంటోంది. రెండేళ్ల చదువుకి ఏం ఉద్యోగం వస్తుంది? 'పిచ్చాసుపత్రిలో పనా' అని మావాళ్లంతా అంటుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగం వస్తుందమ్మా. కాకపోతే ఈ డిగ్రీతో సొంతంగా కౌన్సెలింగ్ చేయడం కుదరదు. మీ రాష్ట్రంలో థెరపిస్ట్ లైసెన్సుకు మాస్టర్స్ ఉండాలి, ఆపైన పర్యవేక్షణలో 3,000 గంటలు పనిచేయాలి.

ఇప్పుడు దొరికేవి పేషెంట్ పక్కనే ఉండి చేసే పనులు. సైకియాట్రిక్ వార్డులో మెంటల్ హెల్త్ టెక్నీషియన్‌గా చేరిందనుకోండి. కొత్తగా వచ్చినవాళ్లు తమకు తాము హాని చేసుకోకుండా వాళ్ల షూ లేసులు, చార్జర్ వైర్లు తీసి దాచాలి. పావుగంటకోసారి ఒక్కొక్కరినీ చూసి రాసుకోవాలి. మంచం దిగనన్నవాళ్ల పక్కన కూర్చుని మాట్లాడాలి. రాత్రి షిఫ్టులుంటాయి, ఒక్కోసారి పేషెంట్ చెయ్యి కూడా చేసుకోవచ్చు. కోపంలో ఉన్న మనిషిని మాటలతో శాంతింపజేసే శిక్షణ ఇస్తారా అని ముందే అడగమనండి. ఇవ్వని చోట చేరనివ్వకండి.

'లైసెన్స్డ్ సైకియాట్రిక్ టెక్నీషియన్' అన్నది వేరే ఉద్యోగం. దానికి సైకాలజీ డిగ్రీ చాలదు. రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు గుర్తించిన కోర్సు చేసి లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. మందులివ్వడం కూడా వాళ్ల పనిలో భాగమే. నాపా లాంటి ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు (స్టేట్ హాస్పిటళ్లు) వీళ్లను తీసుకుంటాయి. కొన్ని కమ్యూనిటీ కాలేజీల్లో ఈ కోర్సు ఉంది. మీ అమ్మాయికి నిజంగా వార్డు పనే ఇష్టమైతే నేను దీనికే ఓటేస్తాను.

ముందు రుచి చూడాలంటే, ఆటిజం పిల్లలతో పనిచేసే రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్ ఉంది. 18 ఏళ్లు నిండి, హైస్కూల్ పూర్తయి, 40 గంటల శిక్షణ తీసుకుని, నేర చరిత్ర తనిఖీ, పని చేసి చూపించే మదింపు దాటి, పరీక్ష పాసైతే చాలు.

చేస్తున్నది 'అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫరే'నా (తర్వాత నాలుగేళ్ల డిగ్రీలోకి మారడానికి పనికొచ్చేది) అని కాలేజీలో ఈ వారమే కనుక్కోమనండి. అదైతే కాల్ స్టేట్‌లో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఖాయం, కోరిన క్యాంపసే వస్తుందన్న హామీ మాత్రం ఉండదు.

బంధువుల మాటలు పట్టించుకోకండి. ఈ పనికి ఓపిక, ధైర్యం రెండూ కావాలి, అవి ఉన్న పిల్లను వెనక్కి లాగొద్దు. షిఫ్టు నుంచి వచ్చాక పేషెంట్ల సంగతులు అడగొద్దు, చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. తిన్నదా, నిద్రపోయిందా, తనకెలా ఉంది అని మాత్రం తప్పకుండా అడగండి.