తడి చాక్‌పీసుతో మొదటి పీరియడ్

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

మూడో తరగతి పిల్లల చేత తడి చాక్‌పీసులతో బొమ్మలు వేయించాలనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషమమ్మా. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: బోర్డు మీద నువ్వు బొమ్మ వేసి, అలాగే వేయమనకు. మొదటి పీరియడ్‌లో అసలు బొమ్మ ఊసే ఎత్తకు. తడి ఏం చేస్తుందో వాళ్ళనే చూడనివ్వు.

నల్ల చార్టును ముక్కలుగా కోసి తలా ఒకటి ఇవ్వు. తెల్ల చాక్‌పీసుతో పొడిగా ఒక గీత, దాని పక్కనే కొన నీళ్ళలో ముంచి ఇంకో గీత గీయమను. తడి గీత మొదట కనీకనబడనట్టు ఉంటుంది. "టీచర్, నాది రాలేదు" అని గోల మొదలవుతుంది. కంగారుపడి ఏమీ చెప్పకు, ఆగు. ఆరేకొద్దీ ఆ గీత తెల్లగా పైకి తేలుతుంది. అప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి! ఎందుకలా అని అడిగినవాళ్ళకి మాత్రం చెప్పు: సుద్ద రేణువుల సందుల్లో నీళ్ళున్నంతసేపు వెలుగు చాలావరకు లోపలికి పోతుంది. నీళ్ళు ఆరి, అక్కడ గాలి చేరగానే వెలుగు చెదిరి మన కంటికి తిరిగొస్తుంది. సున్నం కొట్టిన గోడ ఆరాక తెల్లబడటం వాళ్ళలో కొందరైనా చూసే ఉంటారు.

రెండో పీరియడ్‌కి రంగు చాక్‌పీసులు, పల్చటి గంజి పట్టుకెళ్ళు. ఉత్త నీళ్ళతో వేసిన రంగు ఆరాక చేతికి అంటుకుంటుంది. కాగితానికి గంజి పూసి, తడి ఆరకముందే గీస్తే అందులోని పిండి రంగును పట్టి ఉంచుతుంది. చాలామంది పంచదార నీళ్ళు వాడతారు, రంగులు బాగా చిక్కగా వస్తాయి. కానీ తరగతిలో చీమలు పట్టాయంటే నీకు అదో టెన్షన్. నా ఓటు గంజికే. ఏ రోజుది ఆ రోజే వాడు, నిలవుంటే పులిసి వాసనేస్తుంది.

చాక్‌పీసును నీళ్ళలో నానబెట్టనివ్వకు, మెత్తబడి చితికిపోతుంది. కొన ముంచితే చాలు. నోట్‌బుక్ కాగితం తడికి చిరిగిపోతుంది కాబట్టి చార్టు గానీ మందపాటి డ్రాయింగ్ షీటు గానీ ఇవ్వు. తడిగా గీస్తే పొడి లేవదు. దగ్గు, ఆయాసం ఉన్న పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టే అవసరం చాలావరకు తగ్గుతుంది. నాకు ఈ పద్ధతి ఇంత ఇష్టం కావడానికి అదీ ఒక కారణం.

ఆరకముందు బొమ్మల్ని ఒకదానిమీద ఒకటి పేర్చకు. పేర్లు మాత్రం కాగితం తడపకముందే వెనకవైపు పెన్సిల్‌తో రాయించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ