టీసీ దరఖాస్తు యాప్‌లో ‘పెండింగ్’... బాకీ ఒప్పుకుంటే గానీ కదలదా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా అమ్మాయి ఈ వేసవితో ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి పూర్తి చేసింది. ఎనిమిదిలో మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్పిద్దామని జూన్ మొదటి వారంలో స్కూలు యాప్‌లోనే టీసీకి దరఖాస్తు పెట్టాను. అందులో క్లాస్ టీచర్, లైబ్రరీ, ట్రాన్స్‌పోర్ట్, అకౌంట్స్, ప్రిన్సిపాల్ అని ఐదు దశలున్నాయి. మొదటి మూడింటికీ పచ్చ టిక్కు పడింది. అకౌంట్స్ దగ్గర ఏడు వారాలుగా ‘పెండింగ్’ అనే ఉంది. అడిగితే బస్సు ఫీజు రూ.11,500 బాకీ అంటున్నారు. జనవరిలో బస్సు మాన్పించినప్పుడే ఆ సంగతి కాగితం మీద రాసిచ్చాం. ‘మేం ఇవ్వమనట్లేదు, బాకీ ఉంటే సిస్టమ్ ముందుకు పోనివ్వదు’ అంటున్నారు. జడ్పీ హైస్కూల్లో పాపను క్లాసులో కూర్చోనిస్తున్నారు గానీ, పాత స్కూలు ప్రభుత్వ విద్యార్థి వివరాల పోర్టల్ యూడైస్‌లో వదిలితే తప్ప పేరు ఎక్కదంటున్నారు. యాప్‌లో ‘బాకీని అంగీకరిస్తున్నాను’ అన్నచోట టిక్కు పెడితే వెంటనే టీసీ వస్తుందట. పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. ఆ టిక్కు రేపు మీ మీద సాక్ష్యమవుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 10ఏ చెబుతోంది. బస్సే ఎక్కని నెలలకు ఫీజు కట్టాలా వద్దా అన్నదే మీ తగాదా. టిక్కు పెడితే ఆ తగాదాను మీరే వదులుకున్నారని వాదిస్తారు.

ఇక అసలు విషయం. ఆ ఐదు దశలు చట్టం పెట్టినవి కావు. సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు ఏ పని ఎవరి లాగిన్‌కు ముందు వెళ్లాలి, ఎవరు ఓకే చేస్తే తర్వాతి వారికి చేరాలి అన్నది స్కూలు యాజమాన్యమే చెప్పి పెట్టించుకుంటుంది. వాళ్లు పెట్టిన తాళానికి తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. సాధారణంగా అడ్మిన్ లాగిన్ నుంచి ఒక దశను దాటించడానికో, బాకీని ‘వివాదంలో ఉంది’ అని పక్కన పెట్టడానికో వీలుంటుంది. ఆ వీలు లేకపోయినా, అడ్మిషన్ రిజిస్టరు చూసి టీసీ పుస్తకంలో చేత్తో రాసిచ్చే పద్ధతి ఎక్కడికీ పోలేదు. ‘సిస్టమ్ ఒప్పుకోదు’ అన్నది చట్టం ముందు నిలిచే జవాబు కాదు.

చట్టం ఏమంటుందంటే, బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం, 2009లోని సెక్షన్ 5(2) ప్రకారం ఎలిమెంటరీ విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తిచేసేందుకు పిల్లలు ఏ కారణంతోనైనా మరో బడికి మారే హక్కు ఉంది. సెక్షన్ 5(3) ప్రకారం పాత బడి ప్రధానోపాధ్యాయులు ‘వెంటనే’ టీసీ ఇవ్వాలి. బాకీలు తీరాక అన్న షరతు ఆ సెక్షన్‌లో లేదు. ఆలస్యం చేసిన ప్రధానోపాధ్యాయుల మీద వారికి వర్తించే సర్వీసు నిబంధనల కింద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ప్రైవేటు బడుల్లో ఈ చివరి మాటకు పదును తక్కువ, ఎందుకంటే చర్య తీసుకోవాల్సింది ఆ యాజమాన్యమే. అందుకే ఒత్తిడి విద్యాశాఖ వైపు నుంచి రావాలి. స్కూలుకు గుర్తింపు ఇచ్చేదీ, 1994 జనవరి 1 నాటి జి.ఓ.ఎం.ఎస్. నం.1 నిబంధనల కింద పర్యవేక్షించేదీ ఆ శాఖే.

ఈ హక్కుకు హద్దులూ ఉన్నాయి. మారుతున్నది ప్రభుత్వ, స్థానిక సంస్థల లేదా ఎయిడెడ్ (ప్రభుత్వ సాయం పొందే) బడికైతేనే సెక్షన్ 5 వర్తిస్తుంది. ఒక అన్ఎయిడెడ్ ప్రైవేటు బడి నుంచి మరో అన్ఎయిడెడ్ బడికి మారేవారు దీన్ని పట్టుకుని పోరాడలేరు. తొమ్మిది, పది తరగతులకూ ఇది రాదు. పాత స్కూలు మైనారిటీ సంస్థ అయితే 2014 నాటి సుప్రీంకోర్టు ప్రమతి తీర్పు ప్రకారం ఈ చట్టమే వర్తించదు. ఆ తీర్పు సరైనదేనా అని 2025లో సుప్రీంకోర్టులోనే మరో ధర్మాసనం సందేహం వ్యక్తం చేసింది గానీ, ప్రస్తుతానికి దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. మీ అమ్మాయి ఎనిమిదిలోకి, అదీ జడ్పీ బడిలోకి వెళ్తోంది కాబట్టి, పాతది మైనారిటీ స్కూలు కాకపోతే, మీ కేసు సెక్షన్ 5 పరిధిలోకే వస్తుంది.

మరి స్కూలుకు రావలసిన డబ్బు సంగతేమిటి? నిజంగా బాకీ ఉంటే నోటీసు ఇచ్చి, మూడేళ్ల గడువులోపు సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు. కాగితాలను తాకట్టులా పట్టుకునే హక్కు మాత్రం లేదు. ఆ మాటకొస్తే న్యాయవాదులమైన మాకూ లేదు. ఫీజు ఇవ్వలేదని క్లయింటు ఫైళ్లు అట్టిపెట్టుకోకూడదని ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆధారం చూద్దాం. మీరు గమనించారో లేదో, ట్రాన్స్‌పోర్ట్ దశకు పచ్చ టిక్కు పడిందన్నారు. బస్సుల విభాగమే ‘మాకేమీ రావలసింది లేదు’ అని ఓకే చేశాక, అదే బస్సు ఫీజు కోసం అకౌంట్స్ ఆపడమేమిటి? ఈ ఒక్క స్క్రీన్ మీకు జనవరిలో రాసిచ్చిన కాగితమంత విలువైనది. ఈరోజే భద్రం చేసుకోండి. విద్యార్థిని ‘వెళ్లిపోయారు’ అని మార్చిన మరుక్షణం చాలా యాప్‌లలో తల్లిదండ్రుల లాగిన్ మూసుకుపోతుంది. ‘పెండింగ్’ కాస్తా ‘తల్లిదండ్రుల స్పందన లేదు’ అని మారిపోవడమూ ఉంటుంది.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు దరఖాస్తు నంబరు, పెట్టిన తేదీ, ఐదు దశలూ, ఫోన్ పైన సమయం అన్నీ కనిపించాలి. అంచులు కత్తిరించొద్దు, మీద గీతలు గీయొద్దు. దశ మీద నొక్కితే ఎవరు ఏ రోజు ఓకే చేశారో చూపించే చరిత్ర పేజీ ఉంటే అదీ తీయండి. వెబ్‌సైట్‌లోనూ లాగిన్ ఉంటే కంప్యూటర్‌లో తెరిచి పీడీఎఫ్‌గా భద్రపరచండి. బస్సు ఫీజు రసీదులు, ఫీజు లెడ్జర్ పేజీ కూడా. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఫైలు కుదించుకుపోయి మారిపోతుంది కాబట్టి అసలు ఫైలు ఫోన్‌లోనే ఉంచి, మీకు మీరే ఈమెయిల్‌లో జత చేసుకోండి. విషయం కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఆ నమూనాలో ఫైలు హాష్ విలువ (ఫైలు నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్రలాంటి సంఖ్య) కూడా రాయాలి. ఫైలు మారితే ఆ విలువా మారుతుంది. విద్యాశాఖకు ఇచ్చే ఫిర్యాదుకు మాత్రం ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు, ప్రింటు చాలు.

తర్వాత పని కాగితం మీద. ప్రధానోపాధ్యాయుల పేరిట (కరస్పాండెంట్ పేరిట కాదు, చట్టం బాధ్యత పెట్టింది ప్రధానోపాధ్యాయుల మీద) ఇలా రాయండి (పెన్ అంటే యూడైస్‌లో విద్యార్థికి ఇచ్చే శాశ్వత సంఖ్య):

‘మా కుమార్తె (పేరు, అడ్మిషన్ నంబరు, పెన్ నంబరు) టీసీ కోసం ఫలానా తేదీన ఫలానా నంబరుతో మీ యాప్‌లో దరఖాస్తు చేశాను. నేటికీ ఇవ్వలేదు. ఆమె జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతిలో చేరుతున్నది. విద్యా హక్కు చట్టం సెక్షన్ 5(3) ప్రకారం టీసీ వెంటనే ఇచ్చి, యూడైస్ ప్లస్‌లో ఆమె వివరాలు విడుదల చేయగలరు. ఈ లేఖ అందిన 7 రోజుల్లో ఇవ్వనిచో విద్యాశాఖ అధికారులను ఆశ్రయిస్తాను.’

ఇందులో బస్సు ఫీజు ఊసే ఎత్తలేదు, గమనించండి. టీసీ అర్జీలో ఫీజు గొడవంతా రాస్తే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అది ‘ఫీజు తగాదా, ఇరుపక్షాలు మాట్లాడుకోవాలి’ అనే కట్టలో చేరి అక్కడే పడుంటుంది. చాలా అర్జీలు ఆగిపోయేది ఇక్కడే. ఫీజు గురించి వేరే ఉత్తరం రాయండి. దానికి జనవరి కాగితం నకలు, ట్రాన్స్‌పోర్ట్ టిక్కు ఉన్న ప్రింటు జతచేసి, నెలవారీ లెక్క అడగండి. రెండూ స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. యాప్‌లోని మెసేజ్ డబ్బాలో రాసిన దాన్ని వాళ్లు తొలగించగలరు, పోస్టు రసీదును తొలగించలేరు.

వారం దాటితే మండల విద్యాధికారికి ఫిర్యాదు ఇచ్చి, నకలు జిల్లా విద్యాధికారి (డీఈఓ)కి పంపండి. ఫిర్యాదులో సెక్షన్ 32 అని స్పష్టంగా రాయండి. దాని కింద వచ్చిన ఫిర్యాదును ఇరుపక్షాలనూ విని 3 నెలల్లో తేల్చాలి. నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు ఉంటుంది. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అదే కాగితం ఇచ్చి నంబరు తీసుకుంటే డీఈఓ ఆఫీసు మీద కాస్త వేడి పెరుగుతుంది. స్కూలు ప్రైవేటుదైనా, మీ ఫిర్యాదు మీద ఏ తేదీన ఎవరు ఏం చేశారు, స్కూలు ఏం జవాబిచ్చింది అన్నవి సమాచార హక్కు చట్టం కింద విద్యాశాఖను అడగొచ్చు. మండల కార్యాలయానికి రూ.5, జిల్లా కార్యాలయానికి రూ.10 రుసుము. 30 రోజుల్లో జవాబు రావాలి. ఇవేవీ ఫలించకపోతే, ఫిర్యాదు మీద చర్య తీసుకోవాలని డీఈఓను ఆదేశించమంటూ హైకోర్టులో రిట్ వేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఎవరైనా చెప్తే తొందరపడకండి. విద్య ‘సేవ’ కిందికి వస్తుందా రాదా అన్న దగ్గరే ఆ కేసులు ఇరుక్కుంటున్నాయి.

డబ్బు కట్టేసి వదిలించుకుందామని మీకే అనిపిస్తే, ఆ టిక్కు పెట్టకుండా ఆన్‌లైన్‌లో గానీ చెక్కుతో గానీ కట్టి, ‘అభ్యంతరంతో, టీసీ కోసం మాత్రమే చెల్లిస్తున్నాను’ అని అదే రోజు ఈమెయిల్ చేయండి. బలవంతం మీద కట్టిన సొమ్మును కాంట్రాక్టు చట్టం సెక్షన్ 72 కింద తిరిగి అడగొచ్చు. నగదుగా మాత్రం ఇవ్వకండి.

జడ్పీ బడి విషయం. టీసీ రాలేదని ప్రవేశం ఆపడానికి గానీ, ఆలస్యం చేయడానికి గానీ వీల్లేదని సెక్షన్ 5(3)లోనే ఉంది. గడువు దాటిందన్న కారణం కూడా సెక్షన్ 15 ముందు చెల్లదు. కాబట్టి పాప పేరు అడ్మిషన్ రిజిస్టరులో, హాజరు పట్టికలో ఇప్పుడే ఎక్కాలి. ‘కూర్చోనిస్తున్నాం’ అంటే సరిపోదు. రిజిస్టరులో లేని పిల్లకు పాఠ్యపుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం లెక్కలో చోటుండదు. ప్రధానోపాధ్యాయులకు ఒక దరఖాస్తు ఇచ్చి, అడ్మిషన్ నంబరు రాయించుకోండి.

యూడైస్ ప్లస్ మాత్రం స్కూలు యాప్‌తో సంబంధం లేని వేరే పోర్టల్. అక్కడ పాత బడి ముందు పాప ఏడో తరగతి ఫలితాన్ని ప్రోగ్రెషన్‌లో నమోదు చేసి, తర్వాత బడి వదిలినట్లు మార్చాలి. అప్పుడు ఆమె వివరాలు బడి వదిలినవారి జాబితా అయిన డ్రాప్‌బాక్స్‌లోకి వస్తాయి. కొత్త బడి 11 అంకెల పెన్ నంబరు, పుట్టినతేదీ కొట్టి తమ వైపు తీసుకుంటుంది. పాత బడి కదలకపోతే కొత్త బడి లాగిన్ నుంచే విడుదల కోరుతూ అభ్యర్థన పెట్టే వీలుంది. మండల వనరుల కేంద్రంలోని ఎంఐఎస్ కోఆర్డినేటర్‌ను కలిసి అది పెట్టించమనండి. ‘పోనీ కొత్త పెన్ నంబరు తయారుచేద్దాం’ అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. ఒకే పిల్లకు రెండు నంబర్లు ఉంటే అపార్ ఐడీ (దేశవ్యాప్త విద్యార్థి గుర్తింపు సంఖ్య) దగ్గర్నుంచి పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) దాకా తిప్పలు తప్పవు. డ్రాప్‌బాక్స్‌లో ఉన్నా దొరకడం లేదంటే చాలాసార్లు పుట్టినతేదీలోనే తేడా ఉంటుంది. పాత స్కూలు పోర్టల్‌లో ఏ తేదీ ఎక్కించిందో అడిగి చూడండి.

టీసీ చేతికొచ్చాక సంతకం పెట్టేముందు పుట్టినతేదీ, ఇంటిపేరు, పెన్ నంబరు, ‘ఎనిమిదో తరగతికి అర్హురాలు’ అన్న మాట సరిచూసుకోండి. బాకీ ఉందని ఎక్కడైనా రాసి ఉంటే తీసుకోకుండా సరిచేయించండి. ఏడో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్ కూడా అదే రోజు అడగండి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికత తేల్చేది 1 నుంచి 7 వరకు చదువే. పదేళ్ల తర్వాత ఆ స్కూలు ఉంటుందో ఉండదో, దాని సాఫ్ట్‌వేర్ అసలే ఉండకపోవచ్చు.