వీల్యాన్ 10 నుంచి 20కి పింగ్ వెళ్లకపోతే ముందు ట్రంక్ చూడండి

ఒకే స్విచ్‌లో విడదీసిన రెండు నెట్‌వర్క్‌లను, అంటే వీల్యాన్ 10, 20లను, ఒకే కేబుల్‌తో రౌటర్ ద్వారా కలుపుతున్నారు. రౌటర్‌లో సబ్-ఇంటర్‌ఫేస్‌లు (ఒకే పోర్ట్‌లో ఒక్కో వీల్యాన్‌కి ఒక్కో భాగం) అప్ చూపిస్తున్నా, కావలి ల్యాబ్‌లో మీ పీసీ నుంచి సొంత గేట్‌వేకే, అంటే రౌటర్‌లోని తన వీల్యాన్ ఐపీకే, పింగ్ వెళ్లడం లేదన్నారు కదా. అయితే తప్పు రౌటర్‌లో కాదు, దాదాపుగా స్విచ్‌లోనే ఉంది. రౌటర్‌కి వెళ్లే పోర్ట్ ట్రంక్ (ఒకే కేబుల్‌పై చాలా వీల్యాన్‌లను మోసే పోర్ట్) కాలేదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రెండు స్విచ్‌లు కలిపినప్పుడు ఒక వైపు ట్రంక్ పెడితే, రెండోవైపు చాలాసార్లు దానంతటదే మారుతుంది. రౌటర్‌తో అలా జరగదు. సిస్కో 2960లో పోర్ట్ మామూలుగా డైనమిక్ ఆటోలో ఉంటుంది, అంటే అవతలివాళ్లు అడిగితేనే ట్రంక్ అవుతుంది. అలా అడిగే సందేశాన్ని డీటీపీ అంటారు, రౌటర్ దాన్ని పంపదు. అందుకే పోర్ట్ వీల్యాన్ 1లో యాక్సెస్‌గానే, అంటే ఒక్క వీల్యాన్‌నే మోసే పోర్ట్‌గా, ఉండిపోతుంది. మన చేత్తో మార్చాల్సిందే.

1. స్విచ్‌లో రౌటర్ కేబుల్ ఉన్న ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లి 'స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్' కొట్టండి.

2. 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్' ఇవ్వండి. ఆ పోర్ట్ కనబడాలి, యాక్టివ్ వరుసలో 10, 20 రెండూ ఉండాలి. ఒకటి లేకపోతే ఆ వీల్యాన్ స్విచ్‌లో సృష్టించలేదన్నమాట.

3. పీసీల గేట్‌వే వాటి సబ్-ఇంటర్‌ఫేస్ ఐపీయే కావాలి.

4. మళ్లీ పింగ్ చేయండి. మొదటిది టైమవుట్ అయితే టెన్షన్ వద్దు, అది ఏఆర్‌పీ (ఐపీకి చెందిన మ్యాక్ అడ్రస్ కనుక్కోవడం) వల్ల వచ్చే ఆలస్యం.

పని చేయగానే సెట్టింగ్‌లు సేవ్ చేసే 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' మర్చిపోకండి. ఒంగోలులో నేర్చుకునే రోజుల్లో కరెంటు పోయి, సాయంత్రమంతా చేసిన ల్యాబ్ మళ్లీ మొదటి నుంచి చేశాను.