తీగలు లేకుండా దూర ప్రాంతాలకు కరెంటు పంపవచ్చా?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లతోపాటు కరెంటు స్తంభాలనూ వేల సంఖ్యలో కూల్చేసింది. పలాస చుట్టుపక్కల పల్లెలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. కాబట్టి ఇది ఊసుపోని ప్రశ్న కాదు. పంపవచ్చు, కానీ ఊళ్లకు సరఫరా చేసే స్థాయిలో ఇప్పట్లో గిట్టుబాటు కాదు.

ఫోన్ల వైర్‌లెస్ ఛార్జింగ్‌లో వాడే అయస్కాంత క్షేత్రం కొద్ది సెంటీమీటర్లకే సన్నగిల్లుతుంది. దూరం వెళ్లాలంటే మైక్రోవేవ్ పుంజమో, లేజరో కావాలి. 1975లో అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌లో నాసా సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరానికి 30 కిలోవాట్లకు పైగా పంపింది. 2025లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా లేజరుతో 8.6 కిలోమీటర్ల దూరానికి 800 వాట్లు అందించింది, అదీ 30 సెకన్ల పాటు.

అసలు చిక్కు ఏమిటంటే, పుంజాన్ని ఎంత బిగించినా దూరం పెరిగేకొద్దీ అది విచ్చుకుంటుంది. శ్రీకాకుళం నుంచి పలాసకే లెక్క వేద్దాం. దూరం 70 కిలోమీటర్ల పైమాటే. 12 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న మైక్రోవేవ్ వాడితే రెండు చివరలా దాదాపు 150 మీటర్ల వెడల్పు యాంటెన్నాలు కావాలి. భూమి వంపు అడ్డు రాకుండా వాటిని ఎత్తైన టవర్లపై నిలపాలి. స్తంభాలనే పడగొట్టిన గాలికి అవి ఆగుతాయా? పైగా కరెంటును తరంగంగా, తరంగాన్ని మళ్లీ కరెంటుగా మార్చేసరికే దాదాపు సగం పోతుంది. హైటెన్షన్ తీగలో ఇంత దూరానికి పోయేది కొద్ది శాతమే.

హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు. ఉద్దానానికీ మనం గట్టిగా అడగాల్సింది అవే.