ఐదు నెలల పాప బోర్లా పడుకోబెడితే ఏడుస్తోంది, వాకర్ కొనాలా?

ఐదు నెలలు నిండిన మీ పాప బోర్లా వేయగానే ఏడుస్తోందనీ, నడక త్వరగా రావాలంటే వాకర్ కొనమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారనీ రాశారు. వాకర్ మాట ముందే చెప్పేస్తాను, కొనకండి. అందులో పిల్లలు మునివేళ్లతో నేలను తన్నుకుంటూ తిరుగుతారే గాని, సొంత బరువును మోస్తూ నిలదొక్కుకోవడం నేర్చుకోరు. ప్రమాదాల కారణంగా కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది.

ఇంకా పాకని పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అదంతా ఒక్కసారే కానక్కర్లేదు, కాసేపు కాసేపుగా చాలు. మా అమ్మాయి కూడా మొదట్లో నిమిషం గడవకముందే రాగం అందుకునేది కాబట్టి, నేను వెనక్కి వాలి కూర్చుని తనను ఛాతీ మీద బోర్లా వేసుకునేదాన్ని. నా ముఖం చూడాలని తనే తల ఎత్తేది. కొంత అలవాటయ్యాక నేల మీదికి మార్చాను. పరుపు మీద మోచేతులు దిగబడి ఆనుకోవడానికి పట్టు దొరకదు కనుక, నేల మీద పరచిన దుప్పటే మేలు. పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు. నిద్రపుచ్చేటప్పుడు ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి.

బొమ్మను సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, అందీ అందనంత దూరంలో పెట్టి చూడండి. దాన్ని అందుకోవాలంటే పాప తన బరువును ఒక మోచేతి మీదికి మార్చి రెండో చేతిని విడిపించుకోవాలి, పాకడానికి ముందు రావలసిన అసలు నేర్పు అదే. జాలిపడి బొమ్మను చేతికి అందించేవాళ్లు ఇంటికొకరు ఉంటారు, వాళ్లను కాసేపు ఆపండి. నేలను చేతులతో నెట్టే బలం ముందు రావడం వల్ల కొందరు పిల్లలు మొదట వెనక్కే జరుగుతారు. మా అమ్మాయి అలాగే బొమ్మకు దూరమైపోతూ, ఆ బొమ్మ మీదే కోపగించుకునేది.

ఈడు పిల్లలతో పోల్చుకోకండి. సాయం లేకుండా నడవడం ఎనిమిదో నెల మొదలు పద్దెనిమిదో నెల లోపు ఎప్పుడైనా రావచ్చు, కొందరు అసలు పాకకుండానే నడుస్తారు. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలకైతే ప్రసవం కావలసిన తేదీ నుంచి వయసు లెక్కించాలి. అయితే ఎప్పుడూ ఒక చేతినే వాడుతున్నా, ఒళ్లు మరీ బిగుసుకున్నట్టుగానో వేలాడినట్టుగానో ఉన్నా, ఇంకా మెడ నిలపకపోయినా, వచ్చిన పని మళ్లీ చేయలేకపోతున్నా, టీకా తేదీ దాకా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.